వాకిలి దాటిన వైఫై

విద్యుత్ కేంద్రాల నీడలో బ్రతుకు వెళ్ళదీస్తున్న మన కుటుంబాలకు తీగ అంటే పరమ విశ్వాసం. తీగ కంటికి కనబడుతుంది. ఎక్కడ తెగిందో వెదకవచ్చు, అతకవచ్చు. తీగ లేని వ్యవహారం అట్లా కాదు. అది హాలులో నిండుగా ఉంటుంది, వంటింటిలో సగం ఉంటుంది, పెరటిలో ఉన్నట్టే ఉండి చేయి చాచేసరికి మాయమవుతుంది. వైఫై అనే ఈ అదృశ్య పదార్థం మా క్వార్టరు గోడలు దాటి, 40 మీటర్ల దూరాన ఉన్న వాహనాల షెడ్డు దాకా ఎట్లా నడిచివచ్చిందో సహోద్యోగ మిత్రులతోను, వారి కుటుంబాలతోను చెప్పుకోవాలని చాలాకాలంగా అనుకొంటున్నాము. 40 మీటర్లకు ఇంత పురాణమా అని నవ్వేవారు నవ్వవచ్చు. 400 కిలోవోల్టుల లైన్లతో 30 ఏళ్ళు కాపురం చేసినవాళ్ళం మేము. అయినా ఈ 40 మీటర్లు మమ్మల్ని ఆలోచింపజేసినంతగా ఆ లైన్లు ఎన్నడూ ఆలోచింపజేయలేదు.

కారణం సాంకేతికం కాదు. మా నాన్నగారు.

ఆయన వయస్సు ఇప్పుడు 84. కోనసీమ కాలువల మీద లాకు లస్కరుగా పనిచేసి 1999లో పదవీ విరమణ చేశారు. లస్కరు ఉద్యోగమంటే ఏమిటో ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత గోదావరి డెల్టా అంతటా కాలువలు అల్లుకొన్నాయి. ఆ కాలువలలో నీరు మెట్లు మెట్లుగా దిగడానికి, పడవలు ఒక మట్టం నుండి మరొక మట్టానికి ఎక్కి దిగడానికి లాకులు కట్టారు. లాకు తలుపులు తెరవడం, మూయడం, తూముల షట్టర్లు ఎత్తడం, గేజి చూచి నీటిమట్టం పుస్తకంలో వ్రాయడం, రాత్రివేళ లాంతరు పట్టుకొని గట్టు మీద తిరగడం ఆ ఉద్యోగం. 1986 ఆగస్టులో గోదావరికి 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఆయన ఇంటి ముఖం చూడకుండా గట్టు మీదనే రాత్రులు గడిపారని మా అమ్మ చెప్పేది. మేము ఇంజనీరింగు చదివింది ఆ జీతంతోనే.

అమ్మ 2021లో పోయిన తరువాత ఆయనను మా వద్దకు తీసికొని వచ్చాము. మా టౌన్‌షిప్ సింగ్రౌలీ ప్రాంతంలో, రిహంద్ జలాశయానికి చేరువలో ఉంది. వచ్చిన కొత్తలో ఒకనాడు జలాశయం చూపిస్తే, చాలాసేపు కళ్ళు చికిలించి చూచి, "దీని లాకు ఎక్కడుందిరా అబ్బాయ్?" అని అడిగారు. 1962 నాటి ఆనకట్ట అది. ఈ నీటికి పడవల లాకు లేదని చెప్పినా ఆయన నమ్మలేదు. ఇంత నీరు పెట్టుకొని లాకు లేకుండా ఎట్లా, అన్నారు.

మరుసటి ఏడాదికి మతిమరుపు ముదిరింది. పగలు బాగానే ఉండేవారు. మనుషులను గుర్తుపట్టేవారు, కోడలి వంటకు వంకలు పెట్టేవారు. రాత్రి రెండు మూడు గంటలయ్యేసరికి లేచి, చెప్పులు వేసికొని, తలకు తువ్వాలు చుట్టి, లాకు చూడడానికి బయలుదేరేవారు. 40 ఏళ్ళ అలవాటు కదా, చప్పుడు కాకుండా గడియ తీయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. మా బ్లాకు వెనుక తలుపు తీస్తే సందు, సందు దాటితే వాహనాల షెడ్డు, షెడ్డు పక్కన ఇనుప గేటు. గేటు దాటి రెండు ఫర్లాంగులు నడిస్తే బొగ్గు లారీలు రాత్రంతా తిరిగే రోడ్డు. ఆయనకు తెలుగు తప్ప వేరే భాష రాదు. దారి తప్పితే అడగడానికి నోట మాట లేదు. ఎవరైనా ఆపి అడిగినా చెప్పడానికి మాట లేదు.

తాళం వేయమని సలహా ఇచ్చినవారే ఎక్కువ. మాకు అది సమ్మతం కాలేదు. ఒక రాత్రి గాలివానకు వెనుక తలుపు బిగుసుకొనిపోయినప్పుడు, అది తెరుచుకోక ఆయన పడిన తల్లడింపు మేము కళ్ళారా చూశాము. గోడకు తల ఆనించి చిన్నపిల్లవాడివలె ఏడ్చారు. టౌన్‌షిప్ ఆసుపత్రి వైద్యుడు కూడా, బంధించిన కొద్దీ ఆందోళన పెరుగుతుంది, నిప్పు వంటి ప్రమాదం వస్తే బయటపడే దారి కూడా ఉండదు అని చెప్పారు. అంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ ఊరిలో మా నాన్నగారికి నచ్చిన చోటు ఆ షెడ్డు ఒక్కటే. అక్కడ వేపచెట్టు కింద సిమెంటు బల్ల ఉంది. సాయంకాలం దాని మీద కూర్చుని వచ్చే పోయే స్కూటర్లను, కార్లను లెక్కపెట్టుకొంటారు, పడవలను లెక్కపెట్టినట్టు. ఆయనను షెడ్డు దాకా స్వేచ్ఛగా పోనివ్వాలి. గేటు దాటితే మాత్రం ఆ క్షణాననే మాకు తెలియాలి. మా శ్రీమతి పెట్టిన షరతు ఇది. ఇంజనీరుకు ఇంతకంటె స్పష్టమైన స్పెసిఫికేషన్ ఎవరిస్తారు?

చేతికి కట్టే జాడ తెలిపే గడియారం ఒక మార్గం. రెండు రోజులు కట్టాము. మూడవనాడు అది బియ్యం డబ్బాలో దొరికింది. సిమ్ కార్డుతో పనిచేసే కెమెరా మరొక మార్గం. కాని మా బ్లాకుల మధ్య మొబైల్ సంకేతం వచ్చిపోయే చుట్టం. కనుక గేటు దగ్గర ఒక కెమెరా, గేటు తెరుచుకొంటే చెప్పే ఒక చిన్న పరికరం, రెండూ ఇంటి వైఫైతోనే మాట్లాడాలని నిశ్చయించాము. గేటు దీపానికి విద్యుత్తు ఉన్నది కాబట్టి వాటి తిండికి లోటు లేదు. మాట చేరడమే మిగిలింది.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి. పిల్లలు చదివితే సంతోషం, పెద్దలు దాటవేసినా కోపం లేదు.

వైఫై వాడుకొనే రేడియో తరంగాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, దాని తరంగదైర్ఘ్యం సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు, అంటే జానెడుకు తక్కువ. రెండవది 5 గిగాహెర్ట్జ్, అది ఐదారు సెంటీమీటర్లు. రెండవదానిలో వేగం ఎక్కువ, గోడలు దాటే ఓపిక తక్కువ. ఈ ప్రమాణం మొదటిసారి 1997లో వెలువడినప్పుడు దాని వేగం సెకనుకు 2 మెగాబిట్లు మాత్రమే. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా ఇంటా బయటా వాడుకోవడానికి 2005 జనవరిలో అనుమతి వచ్చింది. 5 గిగాహెర్ట్జ్ పట్టీని ఆరుబయట కూడా ధారాళంగా వాడుకోవడానికి 2018 దాకా ఆగవలసి వచ్చింది. అంతకుముందు షెడ్డులో 5 గిగాహెర్ట్జ్ పెట్టాలంటే నిబంధనలు ఒకటికి రెండుసార్లు చదువుకోవలసి వచ్చేది. నియమాల పుస్తకం చదివిన తరువాతనే స్క్రూడ్రైవర్ పట్టుకోవడం మన వృత్తిలో అబ్బిన గుణం.

ఇంటిలో రౌటరు సుమారు 100 మిల్లీవాట్ల శక్తితో పలుకుతుంది. మనము దానిని 20 డీబీఎం అంటాము. ఈ కొలమానంలో 10 తగ్గితే శక్తి పదో వంతుకు పడిపోయినట్టు. 3 తగ్గితే సగమైనట్టు. మైనస్ 70 దగ్గర ఫోను హాయిగా పనిచేస్తుంది. 20 నుండి మైనస్ 70కి దిగడమంటే శక్తిలో 100 కోట్లలో ఒక వంతు మిగలడం. ఆ ఒక్క వంతుతోనే సినిమాలు చూస్తున్నాము. మైనస్ 80 దాటితే మాట తడబడుతుంది. దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెళ్ళు పోతాయి. అది విశాలమైన మైదానం లెక్క. మన క్వార్టర్లు మైదానాలు కావు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఒక్కొక్కటి ఏడెనిమిది డెసిబెళ్ళు సుంకం వసూలు చేస్తుంది. కాంక్రీటు గోడ, అందులోని ఇనుప ఊచలతో కలిసి, అంతకంటె గట్టి సుంకరి. ఇక షెడ్డు పైకప్పు జింకు రేకు, కింద నిలబెట్టినవన్నీ ఇనుప వాహనాలు. లోహం ముందు ఈ తరంగం అద్దం ముందు వెలుగువంటిది. వెనక్కు తిరిగిపోతుంది.

మేము ముందుగా కొలిచాము. ఫోనులో సంకేత బలం చూపే ఉచితమైన సాధనాలున్నాయి. హాలులో మైనస్ 38. వంటింటిలో మైనస్ 57. వెనుక తలుపు బయట మైనస్ 69. వేపచెట్టు కింద మైనస్ 80. గేటు దగ్గర మైనస్ 84. సాయంత్రం ఆరు గంటలకు, షెడ్డు నిండా కార్లు చేరిన తరువాత కొలిస్తే గేటు దగ్గర అసలు పేరే కనబడలేదు. కాగితం మీద వేసిన లెక్కకు ఈ అంకెలు దగ్గరగా సరిపోవడం చూచి మనస్సుకు కొంత తృప్తి కలిగింది. ఫలితం అసంతృప్తికరమైనా లెక్క సరిపోతే ఇంజనీరుకు కలిగే ఆనందం వేరు. ఈ సంగతి మా శ్రీమతికి ఇప్పటికీ అర్థం కాదు.

రౌటరును హాలు నుండి తీసి వంటింటి కిటికీలో పెడితే గేటు దగ్గర మైనస్ 73 వచ్చింది. కార్లు వస్తే మళ్ళీ 80 దాటింది. పెద్ద ఆంటెనాలున్న రౌటరు కొనమని బజారులో సలహా చెప్పారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. రౌటరు పెద్ద గొంతుతో అరచినంత మాత్రాన చాలదు, అవతల ఉన్న చిన్న కెమెరా చెప్పే జవాబు ఇక్కడికి వినబడాలి. దాని గొంతు చిన్నది. కాలువకు అవతలి గట్టున ఉన్న మనిషిని మనము కేక వేసి పిలవగలము, అతడు గొణిగితే మనకేం వినబడుతుంది?

రిపీటర్ అనే పరికరం చౌకగా వస్తుంది. అది విన్నదాన్ని మళ్ళీ చెబుతుంది. కాని అదే ఛానెల్‌లో వినడం, చెప్పడం రెండూ చేయాలి కాబట్టి వేగం సుమారు సగానికి పడిపోతుంది. పైగా దానిని పెట్టే చోట మంచి సంకేతం ఉండాలి. మాకు మంచి సంకేతం ఉన్న చోటు వెనుక తలుపు లోపలే, అక్కడి నుండి షెడ్డుకు మళ్ళీ అదే గోడ అడ్డం. ఇంటి విద్యుత్ తీగల ద్వారానే సమాచారం పంపే అడాప్టర్లు కూడా ఉన్నాయి. ట్రాన్స్‌మిషన్ విభాగంలో పవర్ లైన్ కారియర్ మీద పనిచేసిన మిత్రులకు ఇది కొత్త కాదు, ముఖం చూడగానే పాత చుట్టంలా తోస్తుంది. అయితే షెడ్డు దీపాల సరఫరా వేరే ఫేజు, వేరే మీటరు. కనుక ఆ చుట్టాన్ని గుమ్మం దగ్గరే సాగనంపాము.

మిగిలినది మన పాత దేవత, తీగ. ఇంటి నుండి షెడ్డు దాకా ఒక నెట్‌వర్క్ కేబుల్, దాని చివర ఆరుబయట పెట్టదగిన ఒక ఆక్సెస్ పాయింట్. తీగ లేకుండా మాట్లాడడానికి తీగ లాగడమేమిటని మా అమ్మాయి పూణే నుండి ఫోనులో నవ్వింది. టవర్ల మీద మొబైల్ సంకేతం నడుస్తున్నది కూడా భూమిలోని ఫైబర్ ఆధారంగానే కదా అన్నాము. తీగలేనితనమంతా చివరి నాలుగు అడుగులలోనే.

టౌన్‌షిప్‌లో గునపం పెట్టాలంటే అనుమతి కావాలి. దరఖాస్తు పెట్టాము. సివిల్ విభాగం నుండి వచ్చిన యువ ఇంజనీరు సందు కొలిచి, నీటిగొట్టం ఎక్కడ పోతున్నదో సుద్దతో గీచి, తీసిన టైల్స్ మళ్ళీ పరచాలని, గొట్టం మోకాలి లోతు ఉండాలని వ్రాసి ఇచ్చాడు. కారణం ఏమిటని అడిగితే మా నాన్నగారి సంగతి చెప్పాము. అతడు కాసేపు మౌనంగా ఉండి, తన నాయనమ్మకు కూడా ఇదే వ్యాధి అని చెప్పి, సంతకం అక్కడికక్కడే పెట్టాడు.

గునపం కంటె కష్టమైనది ఇరుగుపొరుగుల సమావేశం. షెడ్డు ఎనిమిది కుటుంబాలది. కెమెరా అనగానే పై అంతస్తులోని బెంగాలీ ఇల్లాలు అడ్డం చెప్పారు. ఆమె కుమార్తెలిద్దరు. రాత్రిపూట ఎప్పుడు వచ్చారో, ఎవరితో వచ్చారో ఎవరి ఫోనులోనో నిక్షిప్తమవడం ఆమెకు ఇష్టం లేదు. ఆమె మాట న్యాయమైనది. బ్లాకు సమావేశాలలో ఇంత సూటిగా మాట్లాడేవారు అరుదు. కెమెరా ముఖం గేటు వైపు మాత్రమే తిప్పి, మెట్లు, కిటికీలు కనబడే భాగాన్ని తెరమీద నల్లగా మూసివేశాము. దృశ్యాలు రెండు రోజులు దాటి ఉండకుండా కట్టడి చేశాము. ఆమెను ఇంటికి పిలిచి తెర చూపించాము. మరొక పెద్దావిడ ఈ కిరణాల వలన వేపచెట్టు ఎండిపోతుందేమో అని అడిగారు. చెవికి ఆనించుకొనే 4జీ ఫోను గరిష్ఠంగా 200 మిల్లీవాట్లతో పలుకుతుందనీ, ఇది అందులో సగమనీ, అదీ పన్నెండు అడుగుల ఎత్తున ఉంటుందనీ చెప్పాము. ఆమె చెట్టు వైపు చూచి, సరే చూద్దాం అన్నారు. చెట్టు ఇప్పటికీ ఆకుపచ్చగానే ఉంది.

ఇంటిలోనే మరొక అభ్యంతరం లేచింది. "మావయ్యగారికి చెప్పకుండా ఆయన మీద కన్ను పెడతారా?" అని మా శ్రీమతి అడిగింది. చెప్పినా గుర్తుండదు కదా అన్నాము. గుర్తుండకపోయినా చెప్పాలి అన్నది. కనుక ఒక ఉదయం, ఆయన మనస్సు తేటగా ఉన్న వేళ, షెడ్డుకు తీసికొని వెళ్ళి అంతా చెప్పాము. రాత్రిపూట మీరు గేటు దాటితే మాకు తెలుస్తుంది నాన్నగారూ, అన్నాము. ఆయన స్తంభం ఎగాదిగా చూచి, "పై నుంచి ఇనస్పెక్షనా? మంచిదే. లాకు పుస్తకంలో రాసి పెట్టు" అన్నారు.

పని రెండు రోజులు పట్టింది. హాలు నుండి వంటింటి వెంటిలేటరు ద్వారా బయటకు, సన్‌షేడు కింద గోడవెంట, ఆ మీదట భూమిలో పీవీసీ గొట్టంలో, మొత్తం 52 మీటర్లు. ఈ కేబుల్‌కు 100 మీటర్ల వరకు హద్దు ఉన్నది, బెంగ లేదు. బజారులో సగం ధరకు దొరికేది రాగిపూత పూసిన అల్యూమినియం తీగ. అల్యూమినియం వాహకత రాగిలో 60 శాతం మాత్రమే, పైగా వంచితే విరుగుతుంది. అచ్చమైన రాగిదే తీసికొన్నాము. బయట గోడ మీద నడిచే భాగానికి ఎండను తట్టుకొనే నల్లని తొడుగు ఉన్నది కావాలి. తెల్ల తొడుగు మా ప్రాంతపు ఎండకు రెండేళ్ళలో అప్పడంలా పెళుసెక్కుతుంది. అదే తీగలో ఆక్సెస్ పాయింట్‌కు విద్యుత్తు కూడా వెళుతుంది, దాదాపు 48 వోల్టులు. అది తినేది 8 వాట్లు. లెక్క వేస్తే దారిలో పోయే వోల్టేజి ఒక్క వోల్టు కూడా కాదు. ఈ పద్ధతికి ప్రమాణం 2003లోనే వచ్చింది. స్తంభం దగ్గర వేరే ప్లగ్గు, వేరే బోర్డు పెట్టే బాధ తప్పించిన మహానుభావులకు నమస్కారం.

వర్షానికి ముందు మా వింధ్య ప్రాంతంలో పడే పిడుగులను తలచుకొని రెండు కొసలలోను సర్జి ప్రొటెక్టర్లు పెట్టి, స్తంభాన్ని ఎర్తు చేశాము. కేబుల్ పరికరంలోకి కింది నుండి దూరేటట్లు, దూరేముందు ఒక వంపు కిందికి వేలాడేటట్లు చూడాలి. ఆ వంపు చివర నుండి వాననీరు కారిపోతుంది. వైర్‌మన్ ఇది దండగ అన్నాడు. వాన వచ్చిన రోజు వచ్చి చూడమన్నాము. వచ్చాడు, చూచాడు, ఏమీ అనలేదు. రౌటరుకు, పరికరాలకు చిన్న బ్యాటరీ వెనుదన్నుగా పెట్టాము. ఇంటర్నెట్ తెగిపోయినా పరవాలేదు, గేటు నుండి మా పడకగది దాకా ఉన్న సొంత వలయం మాత్రం తెగకూడదు. పడక పక్కన ఉన్న రికార్డరుకు ఒక బజరు తగిలించాము. గేటు దగ్గర ఇప్పుడు సంకేతం మైనస్ 46. మొత్తం ఖర్చు 14 వేల రూపాయలలోపు.

బ్యాటరీతో నడిచే చౌక కెమెరాలు మనిషి ఒంటి వేడిని పసికట్టి మేలుకొంటాయి. ఇది ఊటీలో బాగుంటుంది. మే నెలలో రాత్రి పదింటికి కూడా మా గేటు స్తంభం మనిషి ఒంటికంటె వేడిగా ఉంటుంది. పరిసరాల వేడి, ఒంటి వేడి ఒకటైతే ఆ సాధనానికి మనిషి కనబడడు. అందుచేత బొమ్మను చూచి మనిషిని పోల్చుకొనే కెమెరా ఎన్నుకొన్నాము. గేటుకు అడ్డంగా తెరమీద ఒక గీత గీస్తే, రాత్రి పదింటి నుండి తెల్లవారు ఐదింటి వరకు ఎవరు గీత దాటినా బజరు మోగుతుంది. మా శ్రీమతి, మేము మార్చి మార్చి 20 సార్లు దాటి చూశాము. 20 సార్లూ మోగింది. కుక్క దాటితే మోగలేదు. ఆవు దాటితే ఒకసారి మోగింది.

గేటు తలుపుకు వేరే పరికరం ఎందుకు, కెమెరా ఉన్నది కదా అని కొందరు అడిగారు. ఇది మా శ్రీమతి పట్టుదల. ఒక కన్ను నమ్ముకొని నిద్రపోలేనన్నది. రెండు రూపాయి బిళ్ళలంత అయస్కాంతం తలుపుకు, దాని జోడు గేటు స్తంభానికి. రెండూ విడిపడితే కబురు వస్తుంది.

2025 జనవరిలో ఒక రాత్రి దట్టమైన మంచు కమ్మింది. ఉత్తరాది మంచు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. చేయి చాస్తే వేళ్ళు కనబడవు. రెండు గంటల నలభై నిమిషాలకు బజరు మోగింది. తెర చూస్తే తెల్లని దూదిపొర తప్ప ఏమీ లేదు. కెమెరా చీకటిలో చూడడానికి తానే చిమ్మే పరారుణ కాంతి మంచు బిందువుల మీద పడి తిరిగి దాని కంటిలోనే కొట్టింది. కబురు వచ్చింది అయస్కాంతం నుండి. మంచు బిందువు మైక్రానులలో లెక్క, వైఫై తరంగం సెంటీమీటర్లలో లెక్క. అంత పెద్ద అల అంత చిన్న చుక్కను లెక్కచేయదు. కాంతికి అడ్డుపడిన మంచులోనుండి ఆ కబురు ఏ ఆటంకమూ లేకుండా వచ్చింది. 1894-96 మధ్య కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసుగారు కంటికి కనబడని ఈ జాతి తరంగాలతో ప్రయోగాలు చేసి, గోడల అవతల గంట మోగించి చూపారు. ఆ రాత్రి ఈ సంగతులేవీ మాకు జ్ఞాపకం రాలేదు. చెప్పులు కూడా వేసికోకుండా పరుగెత్తాము.

ఆయన గేటు పట్టుకొని నిలబడి ఉన్నారు. సగం తెరిచారు. ఒంటి మీద ఉన్ని శాలువా, తలకు తువ్వాలు. చలికి చేతులు వణుకుతున్నాయి గాని గడియ వదలలేదు.

"నీళ్ళు పెరుగుతున్నాయిరా అబ్బాయ్. తలుపు ఎత్తాలి" అన్నారు.

అక్కడ లాకు లేదు, నీళ్ళు లేవు అని చెప్పబోయి మానుకొన్నాము. "గేజి ఎంత ఉంది నాన్నగారూ?" అని అడిగాము.

"ధవళేశ్వరంలో పదిహేడు దాటిందట. కబురొచ్చింది."

పదిహేడు ముప్పావు అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక. ఆ అంకె ఆయనకు మరపునకు రాలేదు. మా పేరు అప్పుడప్పుడు మరపునకు వస్తున్నది.

ఇద్దరం కలిసి గేటు పూర్తిగా తెరిచాము. తెరిచి, ఆయన చూస్తూ ఉండగా కొంతసేపు నిలబడ్డాము. దూరాన లారీల మోత వినబడుతున్నది. ఆయన దానిని వరద హోరు అనుకొన్నారేమో, తల పంకించారు. కాసేపటికి, "చాల్లే, ఇక మట్టం తగ్గుతుంది. దింపెయ్" అన్నారు. గేటు మూశాము. మా శ్రీమతి శాలువా సరిచేసి, "రండి మావయ్యగారూ, టీ పెడతాను" అన్నది. ఆయన ముందు, ఆమె వెనుక, మంచులో నడిచి వెళ్ళారు. మేము గేటు దగ్గర కొంతసేపు ఉండిపోయాము. ఆక్సెస్ పాయింట్ మీది చిన్న ఆకుపచ్చ దీపం ఒక్కటే కనబడుతున్నది.

ఆ దీపాన్ని ఆయన ఎప్పుడు గమనించారో తెలియదు. ఈ మధ్య సాయంకాలం బల్ల మీద కూర్చునే ముందు దాని వైపు ఒకసారి చూస్తారు. వెలుగుతున్నదా అని అడుగుతారు. వెలుగుతున్నదని చెబితేనే కూర్చుంటారు. పూణే నుండి మా అమ్మాయి ఐదున్నరకు వీడియోలో మాట్లాడుతుంది. తాతగారూ మనవరాలూ వేపచెట్టు కింద నుండే ముచ్చట్లు చెప్పుకొంటారు. బొమ్మ ఆగడం లేదు, మాట తెగడం లేదు. బయలుదేరింది ఇందుకు కాకపోయినా ఇది పైలాభం.

షెడ్డు అందరిదీ కాబట్టి పొరుగువారికి అతిథి వలయం ఒకటి వేరుచేసి ఇచ్చాము. దానికీ ఇంటి వలయానికీ సంబంధం ఉండదు. సంకేతపదం ప్రతి నెలా ఒకటవ తేదీన మారుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానినొకటి తొక్కుకోని ఛానెళ్ళు మూడే కనుక, 1, 6, 11లలో పైవారు వాడని 11ను మేము తీసికొన్నాము. బెంగాలీ ఇల్లాలి పెద్దమ్మాయి ఇప్పుడు పరీక్షల చదువు షెడ్డులోనే చదువుతున్నది. రాత్రి భోజనాల వేళ మా నాన్నగారు లోపలికి రాకపోతే ఆమె మా తలుపు తడుతుంది. బజరు కంటె ముందు.

వలయానికి ఒక పేరు పెట్టాలి కదా, 'లాకు' అని పెట్టాము. ఫోనులో ఆ పేరు చూచి బ్లాకు పిల్లలు "లాకు అంటే ఏమిటి అంకుల్?" అని హిందీలో అడిగారు. బల్ల మీద కూర్చున్న ఆయనను చూపించాము. వాళ్ళు వెళ్ళి అడిగితే ఆయన తెలుగులో, రెండు చేతులతో తలుపులు తెరిచి మూసి, నీరు ఎక్కి దిగడం చూపించి, అరగంట చెప్పారు. వాళ్ళకు ఒక్క ముక్క అర్థమై ఉండదు. అయినా మరునాడు మళ్ళీ వచ్చారు. కింది ఇంటి ఏడేళ్ళ బీహారీ కుర్రవాడు ఇప్పుడు గేటు దగ్గర సైకిలు ఆపి, "తాతా, తలుపు ఎత్తు!" అని తెలుగులో కేక వేస్తున్నాడు. ఆయన లేచి వెళ్ళి తీస్తున్నారు.